లెక్క సరిపోయేదాకా

"ఆ దుప్పట్లు కూడా మడతపెట్టేసి వెళ్ళమ్మా. మళ్ళీ నువ్వొచ్చేదాకా వాటి మొహం చూసేవాళ్ళుండరు," అన్నారు అత్తగారు. ఆవిడ మాటలో కోపమూ లేదు, వెటకారమూ లేదు. ఉన్నమాటే అన్నారు. ఈ ఇంట్లో ఉతికిన బట్టలు వాటంతటవే మడతపడి బీరువాలోకి వెళ్ళి కూర్చుంటాయని ఇరవై నాలుగేళ్ళుగా అందరూ నమ్ముతున్నారు. ఆ నమ్మకం చెడిపోకుండా కాపాడుకుంటూ వచ్చింది ఆమే.

నిజానికి ఆమె ఆ దుప్పట్ల జోలికి వెళ్ళకూడదు. గుండెలోంచి బయల్దేరే పెద్ద రక్తనాళం ఆమెకు ఉబ్బింది. సైకిల్ ట్యూబు ఒకచోట పలచబడితే అక్కడ బుడగలా లేస్తుంది చూడండి, అలాగ. అది చిట్లితే ఆస్పత్రికి చేరే వ్యవధి కూడా ఉండదు. అందుకే బరువులు ఎత్తకూడదు, ముక్కకూడదు, కోపం తెచ్చుకోకూడదు అని డాక్టరుగారు కాయితం మీద రాసిచ్చారు. మూడోది రాసిచ్చినందుకు ఆయనకు విడిగా దండం పెట్టుకోవాలన్నాడు భర్త. అందరూ నవ్వారు. అందరికంటే ముందు ఆమే నవ్వింది. ఆయన జోకుకు ముందు నవ్వడం కూడా ఆ ఇంటి పనుల్లో ఒకటి.

ఆ ఉబ్బు గురించి ఆమెకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఆమె పని ఆపరేషన్ థియేటర్లోనే. ఇరవై రెండేళ్ళుగా సర్జనుకు ఎదురుగా నిలబడి, ఆయన చెయ్యి చాపకముందే ఆ చేతిలో ఉండాల్సిన పనిముట్టు పెడుతుంది. ఇంటికొచ్చిన చుట్టాలకు భర్త దీన్ని "కత్తులందిస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. కత్తులందించడం అందులో తేలికైన భాగం. అసలు పని లెక్క. మనిషి ఒంట్లోకి వెళ్ళిన ప్రతి సూదినీ, రక్తం అద్దే ప్రతి గుడ్డనూ లెక్కపెట్టి, అన్నీ బయటికొచ్చాక "లెక్క సరిపోయింది సార్" అని పైకి చెప్పాలి. ఆ మాట వినబడేదాకా సర్జను మూసే కుట్టు వేయకూడదు. నియమాల కాయితం మీద అలాగే ఉంది. ఆస్పత్రిలో ఆమెను పేరుపెట్టి ఎవరూ పిలవరు. పెద్ద సిస్టర్ అంటారు.

ఆపరేషన్ మంగళవారం. చేసేది తను రోజూ ఎదురుగా నిలబడే పెద్ద డాక్టరుగారే. ఇలాంటివి చేసే చెయ్యి ఈ చుట్టుపక్కల ఆయనొక్కరిదే. "చిన్న ముక్క సిస్టర్. ఉబ్బినంత మేర కోసేసి గొట్టం అతికిస్తాం. నువ్వు చూడనిదేముంది," అన్నారాయన. మొదటి స్కాను ఆమె చూసింది. చిన్న ముక్కే. పది రోజుల కిందట రెండో స్కాను తీశారు. ఆ రిపోర్టు తేవడానికి భర్త వెళ్ళాడు. అంతా మునుపటిలాగే ఉందిట, కాయితాలు డాక్టరుగారి దగ్గరే ఉంచుకున్నారట అని చెప్పాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. సర్జన్లు రోగికి సగం చెప్పి, మిగతా సగం పక్కగదిలో ఇంటివాళ్ళకు చెబుతారని ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరు? ఆ పక్కగదిలో కూలబడినవాళ్ళకు మంచినీళ్ళు పట్టుకెళ్ళిచ్చిన చేతులు తనవే. అయినా ఆ కుర్చీలో తన భర్త కూర్చుని వచ్చి ఉంటాడన్న ఆలోచనను దగ్గరకు రానివ్వలేదు. నమ్మితే హాయిగా ఉంటుందని నమ్మింది.

శనివారం మధ్యాహ్నం, మూడో దుప్పటి చేతిలో ఉండగా ఫోను మోగింది. థియేటర్ నుంచి పిచ్చుక. అసలు పేరు ఏదో ఉంది కానీ, గొంతు మరీ సన్నం కావడంతో అందరూ అలా పిలుస్తారు. మూడేళ్ళుగా పెద్ద సిస్టర్ పక్కన నిలబడి పని నేర్చుకున్న పిల్ల. ప్రతి శనివారం వచ్చేవారపు కేసుల కాయితం పెద్ద సిస్టర్ చేతికి రావడం, దేనికి ఏమేం తీసిపెట్టాలో ఆమె చెప్పడం, పిచ్చుక రాసుకోవడం రివాజు. పెద్ద సిస్టర్ సెలవులో ఉంటే రివాజు కూడా సెలవు తీసుకోవాలన్న సంగతి ఆ పిల్లకు తట్టలేదు.

"మేడమ్, మంగళవారం మొదటి కేసుకి ఏమేం తీయాలి? మీది రెండోది అయ్యుంటుంది, దాని కాయితం ఇంకా రాలేదు. ఇది పెద్దది. నాకు భయంగా ఉంది," అంది పిచ్చుక.

చదవమంది. ఆ పిల్ల ఆపరేషన్ వివరం చదువుతుంటే ఆమె ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, దుప్పటి అంచులు కలుపుతూ చెప్పుకుపోయింది. నాళం వంపు మొత్తం మార్చే ఆపరేషన్. అంటే ఒళ్ళంతా చల్లబరిచి, గుండె ఆపి, చివరికి రక్తం తిరగడమే ఆపేసి చేసేది. ఛాతీ ఎముక కోసే రంపాలు రెండు తియ్యి, ఒకటి మొరాయిస్తే ఇంకొకటి ఉండాలి. గొట్టాలు అన్ని సైజులూ బల్ల మీదే ఉండాలి, అప్పటికప్పుడు బీరువా దగ్గరకు పరిగెత్తకూడదు. చల్లబరిచే పరుపు ముందురోజే వేసి చూసుకో. ఐసు మూడు బకెట్లు చాలదు, నాలుగు తెప్పించి, తల చుట్టూ పెట్టేది ముందే సంచుల్లో కట్టి ఉంచు. రక్తం ఎంత రాశారు? పన్నెండు సీసాలా, అయితే వాళ్ళకు సోమవారం ఇంకోసారి గుర్తుచెయ్యి. అలవాటైన పని కాబట్టి నోరు దానంతటదే చెబుతోంది. మనసు దుప్పటి మీద ఉంది.

"వయసెంత?" అని అడిగింది చివరగా.

"నలభై ఏడు, ఆడ. మంచం పద్నాలుగు."

కేసుల కాయితం మీద పేర్లు వేయరు, వయసూ మంచం అంకే ఉంటాయి. ఆ పొద్దునే వార్డు సిస్టర్ ఫోన్ చేసింది. కిటికీ పక్కన గాలి బాగా వస్తుందని పద్నాలుగో మంచం మీకోసం అట్టేపెట్టాను పెద్ద సిస్టర్ అని చెప్పింది. ఆమెకు నలభై ఏడు నిండి నెల కాలేదు. థియేటర్లో డాక్టర్ల పుట్టినరోజులకు కేకు కోస్తారు కాబట్టి వాళ్ళ వయసులు అందరికీ తెలుసు. పెద్ద సిస్టర్ వయసెంతో పిచ్చుకకు ఎలా తెలుస్తుంది?

దుప్పటి చేతిలోంచి జారింది. ఆ పిల్లకు ఏమీ చెప్పలేదు. చెప్పాల్సినది ఇంకొకటి మిగిలిపోయింది కాబట్టి అది చెప్పింది. "రక్తం ఆపాక ప్రతి ఐదు నిమిషాలకూ టైము పైకి చదవాలి. అందరికీ వినబడేలా చదువు." సరే మేడమ్ అంది పిచ్చుక. ఆ సరే ఎంత సన్నగా ఉందంటే, ఆమె మళ్ళీ అడగాల్సొచ్చింది.

ఫోను పెట్టేసి మడతపెట్టిన బట్టల మీదే కూర్చుండిపోయింది. భయం వేసింది. అలాంటి ఆపరేషన్లు ఆమె పంతొమ్మిది చూసింది. ఒళ్ళు చల్లబడుతూ పద్దెనిమిది డిగ్రీలకు వస్తుంది. చెయ్యి తగిలితే ఫ్రిజ్జులోంచి తీసిన గిన్నెను ముట్టుకున్నట్టు ఉంటుంది. తల చుట్టూ ఐసు సంచులు. గుండె ఆగిపోయి ఉంటుంది, దాని బదులు రక్తం తిప్పుతున్న మిషను కూడా ఆపేస్తారు. తెర మీద గీతలన్నీ సాపుగా పడుకుంటాయి. అంతవరకు ఏదో ఒక కబురు చెప్పే పెద్ద డాక్టరుగారు నోరు మూసుకుంటారు. ఆ అరగంట బల్ల మీదున్న మనిషి బతికి ఉన్నట్టూ కాదు, పోయినట్టూ కాదు. ఎవరికీ చెందని మనిషి. ఆ తరువాత మళ్ళీ వెచ్చబరుస్తారు. పదిహేను మంది లేచి కూర్చున్నారు. ఒకాయన లేచాడు కానీ కన్నకొడుకును ఎవరు బాబూ నువ్వు అని అడిగాడు. ముగ్గురు వెచ్చబడ్డారు, అంతే. ఇన్నాళ్ళూ ఆమె వాళ్ళను అంకెలుగా గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

"ఏంటమ్మా, అలా కూలబడ్డావ్," అని అత్తగారు గుమ్మంలోంచి తొంగిచూశారు. నడుం పట్టేసిందండీ అని చెప్పి లేచింది.

సాయంత్రం భర్త రాగానే స్కాను కాయితాలు అడిగింది. ఆయన ఒక్క క్షణం చొక్కా గుండీ విప్పుతూ ఆగి, ఆఫీసు సంచిలోంచి తీసి ఇచ్చాడు. పది రోజులుగా టిఫిన్ డబ్బాతోపాటు ఆ కాయితాలను కూడా మోసుకెళ్ళి మోసుకొస్తున్నాడు. ఆ డబ్బా రోజూ కడుగుతున్నది ఆమే. ఉబ్బు వంపు దాకా పాకింది. కింద ప్రమాదం ఎంతో అంకె వేసి ఉంది, ఏడుగురిలో ఒకరు.

"నువ్వు భయపడతావని చెప్పలేదు. డాక్టరుగారే అన్నారు, ఆడవాళ్ళు తట్టుకోలేరు, మీ మనసులోనే పెట్టుకోండని," అన్నాడు. తరువాత మంచం అంచున కూర్చుని, నాకు మాత్రం భయం లేదనుకున్నావా, పది రోజులుగా నాకు నిద్రుందనుకున్నావా అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆయన భయపడ్డాడు, తన భయాన్ని ఒంటరిగా మోశాడు, మంచివాడే. కానీ చచ్చిపోయే అవకాశం ఎవరిదో ఆ మనిషికి తప్ప మిగతా అందరికీ తెలిసి ఉండటం మంచితనం ఎలా అయిందో ఆమెకు అర్థం కాలేదు. ఇదంతా అడగాలనుకుంటూనే ఆయన వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. కాసేపటికి ఆయన తేరుకుని టీ ఉందా అన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది. పాలు పొంగే లోపల ఆమెకు అర్థమైంది. పోయే ప్రాణం తనది, ఓదార్పు ఆయనకు.

పొయ్యి దగ్గర నిలబడే, తన భయం లోపల ఇంకో భయం ఉందని గమనించింది. చల్లబరచడం గురించీ, ఆ అరగంట గురించీ కాదు. పెద్ద డాక్టరుగారి చెయ్యి బంగారం, అందులో అనుమానం లేదు. ఆ తరువాత మూసే ముందు లెక్క ఎవరు చెబుతారు? తను బల్ల మీద ఉంటే తన చోట నిలబడేది పిచ్చుక. ఏదైనా తక్కువైతే ఆ పిల్ల చెబుతుందా? చెప్పదు. చెప్పకూడదని నేర్పింది తనే.

మూడేళ్ళ కిందటి సంగతి. ఆపరేషన్ బల్ల మీద ఉన్నది బట్టలు కుట్టి బతికే ఒకావిడ. మత్తు ఇవ్వకముందు పెద్ద సిస్టర్ చెయ్యి పట్టుకుని, "మీరు లోపలే ఉంటారుగా అమ్మా," అని అడిగింది. ఉంటానంది. ఉంది కూడా. నాలుగో గంటలో ఆవిడ రక్తపోటు పడిపోతూ వచ్చింది. గబగబా మూసేయాలి. లెక్కపెడితే నలభై గుడ్డలకు ముప్పై తొమ్మిది ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది. ముప్పై తొమ్మిదే. సార్, ఒకటి తక్కువ అని చెప్పింది. పెద్ద డాక్టరుగారు మాస్కు మీదుగా చూశారు. "తాపీగా వెతుక్కోవడానికి ఇది నీ వంటిల్లనుకున్నావా? సరిపోయిందా లేదా, ఒక్క మాట చెప్పు."

"సరిపోయింది సార్," అంది ఆమె.

ఆ మాట తన నోట్లోంచి ఎంతో తేలిగ్గా వచ్చింది. అది కొత్తగా పుట్టిన గొంతు కాదు. అందరికీ వడ్డించాక గిన్నె అడుగు కనిపిస్తుంటే, నీకుందా అని ఎవరైనా అడిగితే మాట వరసకు చెప్పే గొంతు. అవతలివాళ్ళు కసురుకోకుండా ఉంటే చాలు, ఏదడిగితే అదుందని చెప్పే గొంతు. ఇంట్లో దాన్ని సర్దుకుపోవడం అన్నారు, మెచ్చుకున్నారు. థియేటర్లోనూ మెచ్చుకున్నారు. ఆరో రోజు ఆవిడ ఛాతీని మళ్ళీ తెరిచారు. నలభయ్యో గుడ్డ బయటికొచ్చింది. పెద్ద డాక్టరుగారు ఏమీ అనకుండా దాన్ని బకెట్లో వేశారు. ఏ కాయితం మీదా ఎక్కలేదు. పంతొమ్మిదో రోజు ఆవిడ పోయింది. కారణం దగ్గర చీము అని రాశారు. మొదటి రోజు పుస్తకంలో "లెక్క సరిపోయింది" అన్న గడిలో పెద్ద సిస్టర్ సంతకం ఇప్పటికీ ఉంది. ఆ తరువాత నుంచి పెద్ద డాక్టరుగారు ఆమెను మన సిస్టర్ అనడం మొదలుపెట్టారు.

అసలు ఘోరం అది కూడా కాదు. ఆ రోజు పక్కన అప్పుడే చేరిన ఒక పిల్ల ఉంది. "మేడమ్, ఒకటి తక్కువ కదా," అంది, నలుగురికీ వినబడేలా. మంచి గట్టి గొంతు అప్పట్లో. పెద్ద సిస్టర్ బల్ల కింద ఆ పిల్ల కాలు తొక్కింది. బయటికొచ్చాక గోడ దగ్గర నిలబెట్టి, ఇక్కడ పని చేయాలంటే నోరు దగ్గర పెట్టుకోవాలనీ, అన్నీ పెద్దవాళ్ళు చూసుకుంటారనీ చెప్పింది. ఆ పిల్ల వినింది. బాగా వినింది. అప్పటినుంచే గొంతు సన్నబడుతూ వచ్చి, ఆరు నెలలు తిరిగేసరికి పిచ్చుక అయింది. ఇంత అణకువైన పిల్లను తయారుచేశావు సిస్టర్ అని అందరూ తనను పొగిడారు. పొగిడించుకుంది.

ఆదివారం కూతురికి ఫోన్ చేసింది. వేరే ఊళ్ళో చదువుకుంటున్న కూతురికి తను కూడా చిన్న ముక్క అనే చెప్పింది. భర్త తనకు చేసిందే తను కూతురికి చేసింది. ఇప్పుడు ఉన్నదున్నట్టు అంకెతో సహా చెప్పింది. పొద్దున బండికి వస్తున్నాను అంది కూతురు. పరీక్షలు కదా అనబోయి ఆమె నాలుక కరుచుకుంది. రా అంది.

సోమవారం పద్నాలుగో మంచం మీద కూర్చుంటే అంతా తలకిందులుగా కనిపించింది. ఇన్నేళ్ళూ నిలబడి చూసిన వార్డు. కూర్చుని చూస్తే పైకప్పు ఎంత దూరంగా ఉంటుందో, నడిచే వాళ్ళ చెప్పుల చప్పుడు ఎంత పెద్దదో తెలిసింది. చేతికి పట్టీ కట్టారు. దాని మీద ఆమె అసలు పేరు చూసి వార్డులో చిన్న సిస్టర్లు, ఇదా మేడమ్ మీ పేరు అని ముచ్చటపడ్డారు. ఆమె నవ్వింది. మత్తు ఇచ్చే డాక్టరమ్మ వచ్చి పళ్ళూ మెడా చూసి వెళ్ళింది. గొంతులోకి గొట్టం దింపేటప్పుడు అడ్డొస్తాయేమోనని పళ్ళు చూస్తారని ఆమెకు తెలుసు. ఏం చేస్తున్నా ఆ తరువాత ఏం జరుగుతుందో తెలిసి ఉండటం ఎంత శిక్షో ఆ పూట తెలిసొచ్చింది.

మధ్యాహ్నం పెద్ద డాక్టరుగారు వచ్చారు. వెనకాల ఆపరేషనుకు ఒప్పుకునే ఫారం పట్టుకుని పిచ్చుక. మంచం పక్కన భర్త లేచి నిలబడ్డాడు. ఆ పిల్లకు ఫారం చూశాకనే సంగతి తెలిసినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, శనివారం ఫోన్లో తను అడిగినదంతా తలచుకుంటూ ఉండాలి. డాక్టరుగారు మామూలుగా భర్తతోనే మొదలుపెట్టారు. మీకు అన్నీ చెప్పానుగా, ఇక్కడొక సంతకం పెట్టేస్తే అయిపోతుంది అన్నారు. భర్త కలం తీశాడు.

"సంతకం నేను పెడతాను సార్. ప్రమాదం ఎంతో నాతో చెప్పండి," అంది ఆమె.

డాక్టరుగారు భర్త వైపు చూశారు. భర్త కిటికీ వైపు చూశాడు. చివరికి ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు. ఏడుగురిలో ఒకరు. లేచాక మాట పోవచ్చు, చెయ్యి పడిపోవచ్చు. చెప్పడం మొదలుపెట్టాక దాచలేదు, బాగానే చెప్పారు. చెప్పడం అయ్యాక తేలికపడ్డట్టు నవ్వి, ఇక దిగులేం పెట్టుకోవద్దనీ, ఎదురుగా నిలబడేది నీ చేతికింద తయారైన పిల్లేననీ అన్నారు. "చెప్పింది చెయ్యడం తప్ప నోరెత్తదు. అంతా నీ పెంపకమే కదా," అన్నారు మెచ్చుకోలుగా. పిచ్చుక తల దించుకుంది.

ఆమె ఫారం తీసుకుని చదివింది. పైన సంతకం పెట్టింది. ఆ ఫారం అడుగున ఒక గడి ఉంటుంది, రోగి చెప్పదలచుకున్నది ఏమైనా ఉంటే అని. దాని కింద డాక్టరు సంతకానికి ఒక గీత. ఇరవై రెండేళ్ళలో వేల ఫారాలు ఆమె చేతుల మీదుగా వెళ్ళాయి, ఆ గడిలో ఒక్క అక్షరం రాసి ఉండగా చూడలేదు. ఏమీ లేదు అని వార్డువాళ్ళే ఒక అడ్డగీత కొట్టేస్తారు. ఈ ఫారం మీదా పిచ్చుక అప్పటికే ఆ గీత కొట్టి తెచ్చింది.

ఇప్పుడు నోరు విప్పితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. రేపు ఈయన చేతిలోనే తన గుండె ఉంటుంది. పనిముట్టు పట్టే ముందు ఆయనకు కోపం తెప్పించిన వాళ్ళను ఆమె చూడలేదు, ఆ తెలివితక్కువ పని ఎవరూ చేయరు. నేను చెయ్యను, ఇంకెక్కడికైనా వెళ్ళు అని ఆయన లేచిపోవచ్చు. వెళ్ళేందుకు ఇంకో చోటు లేదు. ఉద్యోగం పోతుంది, అది ఎలాగూ పోతుంది. లేచి వచ్చాక రాద్దామా అనిపించింది. లేవకపోతే? లేవకపోతే నలభయ్యో గుడ్డ తనతోపాటు పోతుంది, ఆ పిల్ల అలాగే తల దించుకుని ఇంకో ముప్పై ఏళ్ళు నిలబడుతుంది. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, ఆ ఉబ్బు ఇప్పుడే చిట్లుతుందేమోనని ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. అలా పెట్టుకునే రెండో చేత్తో ఆ అడ్డగీత కింద రాయడం మొదలుపెట్టింది. భర్త ఒంగి చూడబోతే ఆగండి అంది.

రాయడం అయ్యాక కాయితం డాక్టరుగారికి ఇవ్వలేదు. పిచ్చుకకు ఇచ్చి, పైకి చదవమంది.

"గట్టిగా చదువు. ఆ చివరి మంచం దాకా వినబడాలి."

పిచ్చుక చదివింది. మొదటి మాటలు ఎవరికీ వినబడలేదు. ఆమె మళ్ళీ మొదటినుంచి చదవమంది. రెండోసారి గొంతు పగిలినా, వినబడింది. "గుడ్డల లెక్క సరిపోయిందని ఎదురుగా ఉన్న సిస్టర్ తనంతట తను చెప్పేదాకా నా ఛాతీ మూయకూడదు. ఎందుకంటే మూడేళ్ళ కిందట బట్టలు కుట్టే ఆవిడ ఆపరేషన్లో లెక్క ఒకటి తక్కువైంది. సరిపోయిందని అబద్ధం చెప్పింది నేను. పుస్తకంలో రాసింది నేను. తక్కువని చెప్పిన పిల్ల నోరు మూయించింది కూడా నేనే. ఆ పిల్ల చెప్పిందే నిజం."

చదివిన చోటే పిచ్చుక ఏడ్చేసింది. భర్తకు ఏమీ అర్థం కాక, దీనికి ఇప్పుడేం తొందర, పెద్దాయన ముందు ఇవన్నీ ఏంటి అని గొణిగాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. డాక్టరుగారి మొహం పాలిపోయింది. కాయితం తీసుకుని తనూ ఒకసారి చదువుకున్నారు. దాన్ని చించేస్తారేమో అనుకుంది ఆమె. లేచి వెళ్ళిపోతారేమో అనుకుంది.

"ఇది రాశాక కూడా నా చేతే చేయించుకుంటారా," అన్నారాయన.

"మీ చెయ్యి మంచిది సార్. నా భయం మీ చెయ్యి గురించి కాదు."

ఆయన కలం కోసం జేబు తడుముకున్నారు. మరచిపోయి వచ్చినట్టున్నారు, భర్త చేతిలోది అడిగి తీసుకుని ఆ గీత మీద సంతకం పెట్టారు. ఈ ఫారం ఫైలు పైనే ఉండాలని పిచ్చుకతో చెప్పి వెళ్ళిపోయారు. ఆయన నడక ముసలివాడి నడకలా ఉందని ఆమెకు మొదటిసారి అనిపించింది. అందులో ఆమెకు సంతోషమేమీ కలగలేదు.

మంగళవారం పొద్దున బండి మీద పడుకోబెట్టి తీసుకెళ్ళారు. తలుపు దగ్గర కూతురు చెయ్యి వదిలింది, లేదా తనే వదిలిందేమో, గుర్తు లేదు. థియేటర్లో చలి. ఎప్పుడూ ఉండే చలే, కానీ గౌను కింద ఏమీ లేకపోతే అది వేరే చలి. పైన దీపం. ఇన్నేళ్ళూ దాన్ని వెనకనుంచి తిప్పింది, ముందునుంచి చూడటం ఇదే. కళ్ళ పక్కనుంచి నాలుగు బకెట్లు కనిపించాయి. వాటిలో ఐసు తన కోసమే కరుగుతోంది. ఎవరో దుప్పటి కప్పారు. ఈ బల్ల దిగి పారిపోవాలని ఎంత బలంగా అనిపించిందంటే, డాక్టరమ్మ ఆమె మొహం చూసి, చెయ్యి పట్టుకుని, ఇక్కడే ఉన్నాం అంది.

ఎదురుగా పిచ్చుక. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. బల్ల మీద పనిముట్లు, గుడ్డల కట్టలు. తలుపు తోసుకుని పెద్ద డాక్టరుగారు వచ్చారు, తడి చేతులు పైకెత్తి పట్టుకుని. గౌను తొడిగించుకున్నారు. గది మొత్తం ఆయన కోసం ఆగింది. ఎప్పుడూ అలాగే ఆగుతుంది.

"మొదలుపెడదామా," అన్నారాయన. డాక్టరమ్మ మందు ఎక్కించే సూది దగ్గరకు చెయ్యి చాపింది.

"ఇంకా లేదు సార్," అంది ఒక గొంతు. అది ఎవరి గొంతో బల్ల మీదున్న మనిషికి ఒక్క క్షణం తెలియలేదు. "మొదటి లెక్క అవలేదు. అయ్యాక నేను చెబుతాను. అప్పటిదాకా ఆగండి."

డాక్టరుగారు చేతులు ఛాతీ ముందు కట్టుకుని రెండడుగులు వెనక్కి వేశారు. ఆమెకు భయం ఏమీ తగ్గలేదు. ఏడుగురిలో ఒకరు అన్న అంకె అలాగే ఉంది, బకెట్లలో ఐసు అలాగే ఉంది. ఆమె కళ్ళు మూసుకుని, ఆ పిల్ల గుడ్డలు ఒక్కొక్కటే తీస్తూ పైకి లెక్కపెడుతుంటే విన్నది. ఒకటి, రెండు, మూడు. గది అవతలి గోడకు తగిలేంత గట్టిగా చదువుతోంది.